గృహవస్తు వివేచనము: కఱ్ఱను నునుపుచేయు యంత్రమును ఎన్నుకొనుట



ఈ శీర్షికయందు మేము తఱుచుగా వంటయింటి వస్తువులను గూర్చియే ముచ్చటించుచుందుము. ఈ మాసమున గడపదాటి, వసారాలో వడ్రంగి కూర్చుండుచోటికి పోవ నుద్దేశించితిమి. వడ్రంగి పనిముట్టును గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుటేమని కొందఱు ముక్కుపై వ్రేలు వేసికొనవచ్చును. ఆ పనిముట్టునుండి లేచు ధూళి యెవరి ముక్కులలోనికి పోవుచున్నదో విచారించినచో ఆ యాశ్చర్యము తొలగిపోవును.

మా వేములపల్లిలో వడ్రంగము జీవనముగా గల కుటుంబపు ఇల్లాలొకతె యిటీవల మమ్మడిగినది: "పంతులమ్మా, మా ఆయన మిర్యాలగూడల రెండు మిషన్లు చూసి వచ్చిండు. ఒకటి బాగ బలమున్నదంట, ఇంకొకటి దుమ్ము పట్టుకునేదంట. ఉన్న పైసలకు ఒక్కటే వస్తది. ఏది కొనమంటరు?" ఆమె యడిగినది ఒక్క యింటి ప్రశ్న కాదు. కేంద్రప్రభుత్వమువారు 2023 సెప్టెంబరు 17వ తేదీన ప్రారంభించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమునందు వడ్రంగులతో గూడ 18 వృత్తులవారికి పనిముట్లకై 15,000 రూపాయల సహాయమును, పూచీకత్తు లేకుండ మొదట 1 లక్ష, పిదప 2 లక్షల రూపాయల ఋణమును 5 శాతపు వడ్డీకి ఏర్పఱచినారు. అట్టి సాయముతోనో, చీటీపాటలో వచ్చిన సొమ్ముతోనో విద్యుద్యంత్రమును కొన దలపెట్టిన యిండ్లు నేడనేకములు. కొనునది యొక్కసారి, దానితో బ్రదుకవలసినది యేండ్ల తరబడి. కావున నిదానించి యోచించుట మేలు.

మొదట ఈ యంత్రము పల్లెకు రావలసిన యవసర మెట్లు కలిగినదో చూతము. పూర్వము మా ప్రాంతపు వడ్రంగులకు నాగలి, గుంటక, బండిచక్రము ముఖ్యమైన పనులు. నాగలికి కావలసినది గట్టిదనము. దానిని అద్దమువలె మెఱుగుపెట్టుమని యే రైతును అడుగలేదు. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలినారు. ఎడమకాలువ మా వేములపల్లి మీదుగనే పోవుచున్నది. నీటితో మాగాణి వచ్చినది, మాగాణి వెంట మిర్యాలగూడ బియ్యపు మిల్లులు వచ్చినవి, క్రమముగా ట్రాక్టరులు వచ్చినవి. నాగలిపని తగ్గి, తలుపులు, కిటికీలు, మంచములు, బీరువాలు వడ్రంగి చేతికి వచ్చినవి. పిల్లవాడు చేయివేయు మంచపుకోడు, కోడలు చీరకొంగు తగులు తలుపుఱెక్క నునుపుగా నుండక తీరదు. వడ్రంగి దినములో సగము చెక్కుటకును, తక్కిన సగము రుద్దుటకును పోవుచున్నది. ఆ రుద్దుడే యీ యంత్రమునకు మూలము.

రుద్దుట క్రొత్త విద్య కాదు. గరుకుకాగితము దొరకని కాలమున మన దేశమున కఱ్ఱను, ఏనుగుదంతమును మెఱుగుపెట్టుటకు పారిజాతపు ఆకును వాడెడివారు. మీ పెరటి చెట్టు ఆకును వ్రేలితో తడవి చూడుడు; పిల్లినాలుకవలె గరుకుగా నుండును. నంది తిమ్మనగారి పారిజాతాపహరణమున సత్యభామ యలిగినది పువ్వుకొఱకు. వడ్రంగి యలిగియుండినచో ఆకుకొఱకే యలిగియుండును!

ఆకు పోయి కాగితము వచ్చినది. మన వడ్రంగులు దానిని ఉప్పుకాగితమనియు, పాలిషు పేపరనియు పిలుచుచున్నారు. దానిపై అతికించిన రేణువులు నేడు చాలవఱకు అల్యూమినియం ఆక్సైడను పదార్థము. ఈ పేరు విని బెదరవలదు. ఇది మన ప్రాచీనులెఱిగిన కురువిందమే. ఇంగ్లీషువారు దానికి పెట్టుకొన్న కొరండమను పేరు గూడ మన దక్షిణదేశపు భాషలనుండియే పోయినది. మీ ముక్కుపుడకలో కెంపున్నచో, ఆ కెంపును ఈ కాగితపు రేణువును ఒక్క జాతివే. కెంపు కఠినమైనది గనుకనే కఱ్ఱను గీయగలదు. కాగితపు వెనుక నుండు అంకె రేణువుల పరిమాణమును తెలుపును. జల్లెడకు కన్నులు ఎక్కువైనకొలది పిండి మెత్తనగునట్లు, అంకె పెరిగినకొలది రేణువు సన్నమగును. 80 ముతక, 120 నడిమిది, 180 మెత్తనిది, 220 మిక్కిలి మెత్తనిది. ఈ నాలుగంకెలు జ్ఞాపకముంచుకొన్నచో ఇంటిపనికి చాలును.

ఇక యంత్రమునకు వత్తము. అంగడిలో దీనిని రాండమ్ ఆర్బిట్ శాండరందురు. మేము శాండరని క్లుప్తముగా వ్రాసెదము. అఱచేతిలో ఇముడు పిడి, దానిలోపల మోటారు, అడుగున గుండ్రని మెత్తని పళ్లెము, ఆ పళ్లెమునకు అంటుకొను గుండ్రని గరుకుకాగితము — ఇదియే దీని స్వరూపము. కాగితమును జిగురుతో అంటింప నక్కఱలేదు. పొలముగట్టున నడచినపుడు ఉత్తరేణి గింజలు చీరకుచ్చెళ్లను పట్టుకొనునట్లు, పళ్లెముమీది సన్నని కొక్కెములు కాగితపు వెనుకనున్న నూగును పట్టుకొనును. బడిపిల్లల బూట్లకు, సంచులకు నుండు వెల్క్రో పట్టీయు నిట్టిదే.

దీని నడకలోనే దీని గొప్పతన మున్నది. తిరగలి యున్నచోటనే గుండ్రముగా తిరుగును. జల్లెడ పట్టునపుడో, జల్లెడ తనచుట్టు తాను తిరుగదు. మన చేయి దానిని చిన్నచిన్న చుట్లుగా త్రిప్పును. ఈ శాండరు పళ్లెము రెండుపనులను ఒక్కసారి చేయును: జల్లెడవలె చిన్నచుట్లు తిరుగుచునే, తిరగలివలె తనచుట్టు తాను మెల్లగా తిరుగును. అందుచేత ఒక్క రేణువు పోయిన దారిని మఱల పోవుట అరుదు. గీతమీద గీత పడక, గీతలన్నియు నలుదెసల చెదరి కంటికి కనబడకుండ పోవును. చేతితో రుద్దువారు కఱ్ఱ నార వెంబడియే రుద్దవలయును. అడ్డముగా రుద్దినచో రంగు వేసినపిమ్మట గీతలు బయటపడును. శాండరునకు ఆ బాధ మిక్కిలి తక్కువ. నార యొకవైపునకు పోవు చెక్క, మఱియొకవైపునకు పోవు చెక్క కలియు తలుపుమూలలయందు దీని యుపయోగము బాగుగ తెలియును.

మా యూరి పేరులోనే వేమున్నది, కావున వేపకఱ్ఱను గూర్చి ఒక్కమాట. వేపకు చెదలు తొందరగా పట్టదని ద్వారబంధములకు, పెట్టెలకు వాడుచుందురు. దాని నార యొక పొరలో ఇటు, మఱియొక పొరలో అటు వాలి, ఒకదానిలో నొకటి చిక్కుకొని యుండును. చిత్రిక పట్టినపుడు ఒకచోట నున్నగా వచ్చి, ప్రక్కనే పెళ్లుపెళ్లుగా లేచును. అట్టి కఱ్ఱకు అన్నిదెసల సమముగా రుద్దు శాండరు మంచి తోడు. ఐనను వేపపొడి చేదు. కన్నులను, గొంతును మంటపుట్టించును. టేకు పొడి కొందఱి చర్మమునకు పడక దురదలు, దద్దురులు కలిగించును. కఱ్ఱ మంచిదైనంత మాత్రమున దాని పొడి మంచిది కాదని దీనివలన గ్రహింపనగును.

ఇప్పుడు ఆ యిల్లాలు చెప్పిన రెండు యంత్రముల సంగతి. విచారింపగా, ఆ బలమైనదానిది శాండరు జాతియే కాదు. ఇనుమును కోయుటకును అరుగదీయుటకును వాడు గ్రైండరునకు గరుకుకాగితపు బిళ్ల తగిలించినది. దాని బిళ్ల తిరగలివలె ఒక్కరీతిగా, నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. కఱ్ఱను వడిగా తినివేయును, సందేహములేదు. కాని చెక్కమీద అర్ధచంద్రాకారపు గాట్లను విడుచును. వానిని పోగొట్టుటకు మఱల చేతితో రుద్దవలసినదే. ధూళిని పట్టుకొను సంచియు దానికి లేదు. చేయి జాఱినచో గాయమును పెద్దది. రెండవది శాండరు. "బలమనగా కఱ్ఱను తినుట కాదమ్మా, పనిని ముగించుట" అని మేమామెకు చెప్పితిమి. ముందు వడిగా తిని, వెనుక గంటసేపు చేతితో రుద్దించు యంత్రము ఏమి మిగిల్చినట్లు?

శాండరులలో గూడ ఎన్నుకొనవలసినవి పెక్కు గలవు. డబ్బాపై వ్రాసిన అంకెలను చదువ నేర్చినచో అంగడివాని మాటలపై ఆధారపడ నక్కఱలేదు.

మొదటిది పళ్లెపు కొలత. ఇది సామాన్యముగా 125 మిల్లీమీటరులు, అనగా సుమారు 5 అంగుళములు. లేదా 150 మిల్లీమీటరులు, అనగా సుమారు 6 అంగుళములు. పెద్ద బల్లలు, తలుపులు దినమెల్ల చేయువారికి 150 మేలు. తక్కినవారికి 125 చాలును. ఒక్క చేతిలో ఇముడును, దాని కాగితములును సులభముగ దొరకును.

రెండవది చుట్టు కొలత. జల్లెడ చుట్టును పోలినదని చెప్పితిమే, ఆ చుట్టు యొక్క వెడల్పు. 2.5 లేక 3 మిల్లీమీటరులు గలవి మెత్తని ముగింపునకు. 5 మిల్లీమీటరులు గలవి వడిగా అరుగదీయుటకు. ఇంటి సామానులు చేయువారు చిన్నచుట్టుదానిని కొనుట మంచిది.

మూడవది వేగమును మార్చుకొను మీట. ఉదాహరణమునకు, బాష్ వారి జీఈఎక్స్ 125-1 ఏఈ యను రకము 250 వాట్లది. నిమిషమునకు 7,500 మొదలు 12,000 చుట్ల వఱకు మార్చుకొనవచ్చును. చుట్టు కొలత 2.5 మిల్లీమీటరులు, తూకము 1.3 కిలోలు. మకిటా వారి బీఓ 5031 రకము 300 వాట్లది. వేగము 4,000 మొదలు 12,000 వఱకు మాఱును. వీనినే కొనుడని మా యుద్దేశము కాదు. ఇంటిపనికి 250, 300 వాట్లు చాలునని చూపుటకే యీ యంకెలను చెప్పితిమి. పాత వార్నీషు వేడికి కరగి కాగితమునకు ముద్దగా నంటుకొనును. అట్టిచో వేగము తగ్గించు మీట లేనియెడల కాగితములు వృథా యగును.

నాలుగవది చేతికి దిగు అదురు. దినమెల్ల అదరు యంత్రమును పట్టుకొన్నవారికి వ్రేళ్లు తిమ్మిరెక్కి, కొంతకాలమునకు రక్తప్రసారము చెడి, చలిలో వ్రేళ్లు పాలిపోవు వ్యాధి కలుగును. ఐరోపా సమాఖ్యవారు 2002లో చేసిన శాసనమున 8 గంటల పనికి ఈ యదురు సెకనుకు సెకనుకు 2.5 మీటరులు దాటినచో యజమాని జాగ్రత్త తీసికొనవలెననియు, 5 మీటరులు దాటనే కూడదనియు విధించినారు. మంచి యంత్రముతో వచ్చు పుస్తకమున ఈ యంకె ముద్రించియుండును. పుస్తకము చూపని యంగడిలో కొనకుడు. ఈ యంకె తక్కువైనదానికి నూఱు రూపాయలు ఎక్కువైనను ఇచ్చుటయే లాభము.

ఐదవది పళ్లెమునకు పగ్గము. కఱ్ఱమీదినుండి పైకెత్తినపుడు కొన్ని యంత్రముల పళ్లెము విచ్చలవిడిగా తిరుగును. మఱల దింపగానే కఱ్ఱను గీరును. పగ్గమున్నదానికి ఆ దోషము తక్కువ. పగ్గములేని దానిని కఱ్ఱపై ఆనించినపిదప నడిపించి, ఆపుటకు ముందు పైకెత్తుట అలవాటు చేసికొనవలెను.

ఆఱవది విద్యుద్భయము. యంత్రపు పలకమీద చదరములో చదరమున్న గుర్తు కలదేమో చూడుడు. అది రెండు పొరల రక్షణ కలదనుటకు చిహ్నము. అరిగిన కార్బను బ్రష్షులు విడిగా దొరకునో లేదో, మరమ్మతు చేయువారు మిర్యాలగూడలోనో, నల్లగొండలోనో ఉన్నారో లేదో అడుగుడు. హైదరాబాదు రాణీగంజులో దొరకని యంత్రసామగ్రి లేదందురు గాని, బ్రష్షులకొఱకు ప్రతిసారి హైదరాబాదు పోవుట యెవరికి చెల్లును? బ్యాటరీతో నడచునవియు వచ్చినవి. ఒకరి యింట తలుపు, మఱియొకరి యింట కిటికీ చేయుచు తిరుగువారికి అవి సౌకర్యము. ఒక్కచోట కూర్చుండి దినమెల్ల రుద్దువారికి తీగయున్నదే మేలు.

ఇన్నియు చెప్పి, ముఖ్యమైనదానిని కడకుంచితిమి. అది ధూళి. యంత్రము చేతిని విశ్రమింపజేయును గాని, చేతితో రుద్దినపుడు లేచుదానికంటె సన్నని పొడిని, వడిగా, హెచ్చుగా లేపును. ముతకపొడి నేలమీద రాలును, ఊడ్చివేయవచ్చును. సన్నపొడి గంటలకొలది గాలిలో తేలుచు, నీళ్లకుండమీద, పొయ్యిదగ్గఱ, ఉయ్యాలలోని బిడ్డమీద దిగును. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థవారు 1995లో కఱ్ఱపొడిని మానవులకు క్యాన్సరు కలిగించునని నిశ్చయముగ తెలిసిన వస్తువుల జాబితాలో చేర్చినారు. ముక్కులోపలను, ముక్కుప్రక్క బోలుగదులలోను పుట్టు క్యాన్సరునకు అది కారణమని తేల్చినారు. పనిచేయు పురుషుడు దినమునకు కొన్ని గంటలు ఆ పొడిలో నుండును. అదే యింట నివసించు స్త్రీలును పిల్లలును రాత్రింబవళ్లు అందులోనే యుందురు. వసారాయే కార్ఖానా యైన మన పల్లెయిండ్లలో ఈ భేదము మఱవరానిది.

కావున యంత్రమును ఎన్నుకొనునపుడు వాట్లకంటె ముందుగ ధూళిమార్గమును పరీక్షింపుడు. పళ్లెమునకు తూములున్నవా? సామాన్యముగా 125 మిల్లీమీటరుల పళ్లెమునకు 8 తూములుండును. కాగితపు రంధ్రములు వానితో సరిగా కలియవలెను. చవుకయని రంధ్రములులేని కాగితము తగిలించినచో, నోరు కట్టివేసి తినుమన్నట్లగును. పొడియంతయు బయటనే పడును. వెనుకనుండునది గుడ్డసంచియా, సన్నని వడపోత కాగితమున్న డబ్బాయా? గుడ్డసంచి కంటికి కనబడు పొడిని పట్టి, కనబడనిదానిని వస్త్రపు సందులగుండ విడుచును. డబ్బా దానికంటె మేలు. అన్నిటికంటె మేలైనది, పొడిని పీల్చు వాక్యూము యంత్రపు గొట్టమును తగిలించుట. శాండరు వెనుకటి నోటికి ఆ గొట్టము సరిపోవునో లేదో అంగడిలోనే తగిలించి చూడుడు. నేడు వాక్యూము కొనలేకపోయినను, రేపు కొన్ననాడు గొట్టము పట్టునట్టి శాండరునే నేడు కొనవలెను.

సంచి యున్నంతమాత్రమున ముఖమునకు రక్షణ అక్కఱలేదనుకొనకుడు. ఎన్95 ముసుగు 2020 నాటి మహమ్మారి తరువాత మనకందఱకు పరిచితమే. సూక్ష్మరేణువులలో కనీసము 95 శాతమును అది ఆపును. అందుకొఱకు ముక్కునకు, గడ్డమునకు గాలి సందు లేకుండ అమరవలెను. భుజముమీది తువ్వాలును ముక్కునకు చుట్టుకొనుట దానికి సమానము కాదు. చెవులకు చిన్న బిరడాలు, కంటికి అద్దములును ఉండవలెను. వీని వెల యంత్రపు వెలలో చేరినదే యని ముందుగనే లెక్కవేసికొనుడు.

ఇల్లాలు చేయవలసిన జాగ్రత్తలును గలవు. పని ముగిసినపిదప చీపురు పట్టకుడు. ఊడ్చినచో దిగిన పొడి మఱల లేచును. తడిగుడ్డతో తుడువుడు. పనిబట్టలను ఇంటిలో దులుపక విడిగా ఉదుకుడు. పొయ్యి మండుచున్న చోటికి దగ్గఱగా యంత్రమును నడపనీయకుడు. గాలిలో దట్టమైన కఱ్ఱపొడికి నిప్పంటినచో భగ్గుమనును. మెఱుగుకై అవిసెనూనె రాచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలపడవేయుట మఱియు ప్రమాదకరము. ఆ నూనె గాలిసోకి ఆరునపుడు వేడి పుట్టును. ముద్దలోని వేడి వెలికి పోలేక, నిప్పులేకయే గుడ్డలు రగులుకొనును. వానిని బయట పఱచి ఆరబెట్టవలెను.

ఒక్క పనిని మాత్రము శాండరుతో చేయించనే వలదు. తాతలనాటి తలుపులకు, ఉయ్యాలలకు వేసిన పాతరంగును పొడిగా రుద్దించకుడు. పాతరంగులలో సీసము తఱుచుగ నుండెడిది. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో చేసిన నియమములు 2017 నవంబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చినవి. అంతకుముందు వేసిన రంగును నమ్మరాదు. సీసపు ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెఱచును, గర్భిణులకును హానికరము. అట్టి రంగును తడిపి, చేతితోనే మెల్లగా గీకించి, వచ్చిన ముద్దను కాగితములోనికెత్తి దూరముగ పాతిపెట్టక, చెత్తబండివారికి విడిగా మూటకట్టి యీయుడు. ఆ సమయమున పిల్లలను గర్భిణులను ఆ యింట నుంచకుడు.

నడుపువారికి కొన్ని మాటలు. యంత్రమును అదిమి పట్టరాదు. దాని బరువే దానికి చాలును. అదిమినచో పళ్లెము తనచుట్టు తాను తిరుగుట మాని, సుడులవంటి గీతలను గీయును. పళ్లెపు అంచున పెన్సిలుతో ఒక గీత గీచినచో, అది తిరుగుచున్నదో నిలిచినదో కంటికి తెలియును. సెకనుకు ఒక్క అంగుళము చొప్పున మెల్లగా జరుపవలెను. చెక్కమీద పెన్సిలుతో అడ్డదిడ్డముగా గీతలు గీచి, అవి సమముగ చెఱగిపోవువఱకు రుద్దినచో ఏ భాగమును విడిచిపెట్టినట్లు కాదు. 80తో మొదలిడి, 120, ఆపై 180 అను క్రమమును తప్పరాదు. 80నుండి 220కి దుమికినచో ముతకగీతలు లోపలనే నిలిచి, వార్నీషు వేసినపిదప బయటపడును. కాగితము మార్చిన ప్రతిసారి చెక్కను తడిగుడ్డతో తుడిచి ఆరనీయవలెను. మూలల మీద యంత్రమును వాల్చినచో అంచు కరగిపోవును. పైపొర పలుచనైన ప్లైవుడ్డు మీద ఒక్క నిమిషము ఏమఱినను ఆ పొర చిరిగి లోపలి చెక్క కనబడును.

అందఱికిని ఈ యంత్రము వలయుననుట మా మతము కాదు. చెక్కడపు పనికి, సన్నని సందులకు ఇది పనికిరాదు. కొండపల్లి బొమ్మలవారు తేలికైన పొణికికఱ్ఱను ఉలితో చెక్కి, ఆకురాయితో రాచి, చింతగింజలపిండియు రంపపుపొడియు కలిపిన మక్కుతో అతుకులు పూరింతురు. గుండ్రని పళ్లెము ఆ బొమ్మ చేతివ్రేళ్లసందున దూరునా? ఏటికొప్పాకవారు అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి త్రిప్పి, తిరుగుచున్న బొమ్మకే లక్కరంగు నద్దుదురు. వారికి తరిమెనయే శాండరు. సంవత్సరమునకు ఒక్క పీటను, ఒక్క అరను నునుపు చేసికొను గృహస్థునకు చెక్కముక్కకు చుట్టిన ఉప్పుకాగితమే చాలును. పని గలవాడే యంత్రమును కొనవలెను.

కడపటి మాట. ఇంటిలో ఏ యంత్రమును కొన్నను, దాని పనిని చేయువారి యభిప్రాయమును అడుగుదుము. దాని చెత్తను ఎత్తువారి యభిప్రాయమును అడుగము. ఈ యాచారము మాఱవలెను. ధూళిని తుడుచు చేతికి యంత్రమును ఎన్నుకొనుటలో భాగముండుట న్యాయము. మీ యింట ఎవరైనను శాండరు కొనబోవుచున్నచో వెంట అంగడికి పొండు. డబ్బామీది అంకెలను చదివింపుడు. పళ్లెమును త్రిప్పి తూములను లెక్కింపుడు. "ఇది యెంత బలమైనది?" అని మగవారడుగుచుండగా, "దీని పొడి యెక్కడికి పోవును?" అని మీరడుగుడు. దానికి సూటిగా సమాధానము చెప్పగల యంగడివానియొద్దనే కొనుడు.